మూడో మంచం సున్నా

పట్టీ చల్లబడింది. పావుగంట కిందటి దాకా కొత్త నర్సు ఎస్తేరు మణికట్టును చురచురలాడించిన పట్టీయే. తెర మీద సున్నా. మూడో మంచం మీద పైడితల్లమ్మకు కీమోథెరపీ మందు ఎక్కుతోంది. సున్నా అంటే ఆమెకు బాధ లేదన్నమాట.

ఈ యంత్రాన్ని సైంటిస్టు భావనారాయణ గారు తయారుచేశారు. రోగి చేతికి అంటించిన సెన్సర్ బిళ్ళ నొప్పిని పసిగట్టి, అందులో పదో వంతు నర్సు పట్టీకి పంపుతుంది. క్యాన్సర్ వార్డుకొచ్చిన కొత్త నర్సులకు రోగి బాధ పుస్తకంలో కాక ఒంటి మీద తెలియాలని ఆయన ఆశ.

సున్నా వస్తే తర్వాతి మంచానికి వెళ్ళొచ్చు. ఎస్తేరు రెండడుగులు వేసింది కూడా. కానీ శిక్షణ మొదటిరోజు సీనియర్ నర్సు లూర్దు సిస్టర్ చెప్పిన మాట కాళ్ళకు అడ్డం పడింది. మందు ఎక్కుతున్న చేతిని కళ్ళారా చూడకుండా మంచం దాటొద్దని.

వెనక్కొచ్చి దుప్పటి తీసింది. సూది చుట్టూ ఎర్రటి వాపు. మందు నరంలోంచి బయటికి కారుతోంది. అలాగే వదిలేస్తే కండ కాలి, వేళ్ళు పనికిరాకుండా పోతాయి. పైడితల్లమ్మ పూలమాలలు కట్టి బతికే మనిషి.

ఎస్తేరు మందు ఆపి డాక్టరును పిలిచింది. అప్పుడు కనిపించింది సెన్సర్ బిళ్ళ, మంచం ఇనప కమ్మీకి అతుక్కుని. ఇనుముకు నొప్పేముంటుంది?

"ఇదేం పని పెద్దమ్మా?"

"నాకు నొప్పెట్టినప్పుడల్లా నీ మొహం ముడుసుకుపోతంది. సూడనేకపోనాను."

"మరి నీ నొప్పో?"

"నాకలవాటేనమ్మా. నువ్వు కొత్తదానివి కదా."

చెయ్యి దక్కింది. పది రోజులకు ఆ వేళ్ళు మళ్ళీ దారం ముడి వేశాయి.

విచారిస్తే వార్డులో పన్నెండు మందికి ఏడుగురు అదే పని చేస్తున్నారని తేలింది. ఒకాయన బిళ్ళను నీళ్ళ సీసాకు అంటించాడట. నర్సులకు నొప్పి తెలుస్తుందన్న సంగతి రోగులకు చెప్పకుండా ఉంటే సరిపోతుందేమోనని భావనారాయణ గారు అడిగారు.

"మొహం దాచుకోవడం మాకు రాదు సార్," అంది ఎస్తేరు.

ఆయన యంత్రాన్ని మార్చారు. ఇప్పుడు సున్నా వస్తే గంట మోగుతుంది. నర్సు పరుగెత్తి చెయ్యి చూడాలి.

శిక్షణ ముగింపు కాగితంలో, ఎవరి దగ్గర ఎక్కువ నేర్చుకున్నావన్న ప్రశ్న కింద ఎస్తేరు లూర్దు సిస్టర్ పేరు రాసి, పక్కనే పైడితల్లమ్మ పేరూ రాసింది. పట్టీ చురుక్కుమన్నప్పుడల్లా ఇప్పటికీ ఎస్తేరు లోలోపల దేవుడికి స్తోత్రం చెప్పుకుంటుంది, ఈ మనిషి తన దగ్గర నొప్పి దాచలేదు కదా అని.