నీలం గోడ మీద మూడు బొట్లు

శ్రీరామమూర్తి నలభై వేలు మింగాడు. చచ్చిపోయిన ఆడమనిషి సొమ్ము మింగాడు.

ఇందులో వెంకట్రాజు కొత్తగా తేల్చుకోవలసింది ఏమీ లేదు. లేనిదల్లా రుజువే.

వెంకట్రాజు హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై నాలుగేళ్లయింది. ఊరు మండవల్లి పక్కన. భార్య సీతారత్నానికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఏలూరులో డయాలసిస్. బస్సులో పోయి రావడం ఆమె వల్ల కాలేదు.

మే ఇరవై తొమ్మిదిన ఇద్దరూ ఏలూరు పవర్‌పేటలో శ్రీరామమూర్తి ఇల్లు చూశారు. కింది వాటా. మెట్లు లేవు. ఆస్పత్రికి ఆటోలో ఐదు నిమిషాలు. సీతారత్నం నెమ్మదిగా వంటింట్లోకి నడిచింది. గట్టు మూల గోడకి అరచెయ్యి ఆనించింది.

"పొయ్యి ఇక్కడ పెడదామండీ."

అద్దె ఎనిమిది వేలు. అడ్వాన్సు నలభై వేలు.

ఆ నలభై వేలూ ఆమె గాజులు విడిపించడానికి దాచినవి. వైద్యం కోసం కిందటేడు భీమడోలులో తాకట్టు పెట్టారు. జూలై నాలుగు దాటితే వేలం.

"ముందు ఇల్లు చూడండి. పెన్షన్ బకాయి రాగానే గాజులు తెద్దురుగాని. అవి మా అమ్మవి. వేలంలో మాత్రం పోనివ్వకండి" అంది.

పెన్షన్ బకాయి వచ్చింది. మూడు రోజుల్లో ముగించిన దినాల ఖర్చుకి సరిపోయింది. జూన్ ఇరవై, మంగళవారం, తెల్లవారుజామున సీతారత్నం పోయింది.

ఇరవై నాలుగున వెంకట్రాజు ఫోన్ చేశాడు. ఇల్లు వద్దు, అడ్వాన్సు ఇచ్చేయండి అన్నాడు.

"అదెలా కుదురుతుందండీ?" అన్నాడు శ్రీరామమూర్తి. "నెల రోజులు మీ కోసం తాళం వేసి ఉంచాను. ఎందరొచ్చినా కాదన్నాను. మీ కోసమే రంగులు వేయించాను. లెక్క తీస్తే మీరే నాకు బాకీ."

వెంకట్రాజు స్టేషన్‌కి వెళ్లాడు. ఎస్సై ఉదయ్‌కిరణ్‌కి ఒకప్పుడు పని నేర్పింది ఆయనే. అతను కుర్చీలోంచి లేచి మరీ చెప్పాడు.

"రాజుగారూ, ఇది సివిల్ మేటర్. ఎఫ్ఐఆర్ కట్టలేను. మోసం చేశాడనడానికి ఒక్క ముక్క చూపించండి. మిగతాది నేను చూసుకుంటాను."

ఒక్క ముక్క.

జూన్ ముప్పై, శుక్రవారం. ఉదయం 10.40.

శ్రీరామమూర్తి పై వాటా నుంచి దిగి తాళం తీశాడు. చేతిలో బిల్లు.

"ఇరవై రెండు వేలండీ రంగులకే. పదకొండో తారీఖు. చూసుకోండి."

"రంగు కూడా చూస్తాను."

"చూడండి. ఎవరు కాదన్నారు?"

వెంకట్రాజు చూశాడు. ముప్పై ఆరేళ్ల అలవాటు. గుమ్మం నుంచి కుడిచేతి వైపుగా గది గది తిరిగాడు. హాల్లో సామాను లేదు. గడపకి పసుపు. సింకు పొడిగా ఉంది. వంటింటికి లేత నీలం రంగు. గట్టు తుడిచి ఉంది. గట్టు మూల గోడకి మూడు పసుపు బొట్లు, వాటి మధ్యలో కుంకుమ. అటక మీద పాత పేపర్లు. కిటికీకి కొత్త గొళ్లెం.

"ఖాళీ ఇంటికి కూడా గడపకి పసుపు రాశారే?"

"మా ఆవిడ శుక్రవారం మానదండీ. చాదస్తం."

"ఈ నెలంతా ఈ ఇంట్లో ఎవరూ దిగలేదన్నమాట."

"పిల్లి కూడా దూరలేదు. ప్రమాణం చేయమంటారా?"

"వద్దు" అన్నాడు వెంకట్రాజు. "మీ మాట చాలు."

అదే రోజు, మధ్యాహ్నం 1.15. బిల్లు మీద పెయింటర్ రఫీ నంబరు ఉంది. రంగుల కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నలభై దాటిన మనిషి. గోళ్లలో నీలం ఇంకా పోలేదు.

"మూర్తిగారిల్లు నువ్వే వేశావా?"

"నేనేనండి. డబ్బులిమ్మని పంపారా?" రఫీ ఆశగా లేచాడు.

"నేనూ పుచ్చుకోవలసినవాణ్ణే. నీకెంతిచ్చాడు?"

"తొమ్మిదండి. ఇంకా ఆరు రావాలి. అడిగితే గోడ మీద మచ్చ చూపిస్తారండి. ఆయన కళ్లజోడు మీది మచ్చ కూడా నా ఖాతాలోనే."

"మొత్తం పదిహేను వేలేనా?"

"అంతేనండి."

"వంటిల్లు ఎలా చేశావ్?"

"పాతదంతా గోకేశానండి. జిడ్డు కదా. లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, రెండు కోట్లు."

"పాత గోడ మీద గుర్తేదైనా మిగిలుంటుందా?"

"గుర్తా? గోడే మిగల్లేదండి."

"ఎప్పుడు ముగించావ్?"

"జూన్ పదకొండు, ఆదివారం. సాయంత్రం ఆరింటికి బ్రష్షులు కడిగేసి నమాజుకి పోయాను."

"ఎల్లుండి పదింటికి రా. ఆ ఆరు వేలూ అడుగుదువుగాని."

జూలై రెండు, ఆదివారం. ఉదయం 10.05.

వంటింట్లో నలుగురు నిలబడ్డారు. వెంకట్రాజు, శ్రీరామమూర్తి, ఆయన భార్య మంగతాయారు, గుమ్మంలో రఫీ. ఆమెని వెంకట్రాజే పిలిపించాడు. ఎందుకో శ్రీరామమూర్తికి అర్థం కాలేదు. ఆమెకి అర్థమైనట్టుంది. లోపలికి వచ్చినప్పటి నుంచి ఆ మూల వైపు చూడలేదు.

"పెయింటర్ని తెచ్చారేంటండీ? బిల్లు దొంగదంటారా?"

"దొంగదే. ఏడు వేలు ఎక్కువ వేశారు. అది తరవాత. మూర్తిగారూ, ఈ ఇల్లు ఎవరికిచ్చారు?"

"ఎవరికీ ఇవ్వలేదని మొన్నే చెప్పాను."

వెంకట్రాజు మూలకి వెళ్లాడు. వేలు పెట్టి చూపించాడు. "ఇవేంటి?"

"బొట్లు. పాత వాళ్లవి అయ్యుంటాయి."

"రఫీ, చెప్పు."

"పాత వాళ్లవెలా అవుతాయండి? నా రంగు మీదున్నాయి."

శ్రీరామమూర్తి కళ్లజోడు సర్దుకున్నాడు. "అయితే మా ఆవిడ పెట్టుంటుంది. శుక్రవారం."

"శుక్రవారం గడపకి పెడతారు. పొయ్యి లేని గట్టు దగ్గర గోడకి బొట్టు ఎవరూ పెట్టరు. ఇక్కడ ఆ రోజు పొయ్యి ఉంది. పొయ్యి మీద పాలున్నాయి. కొత్తగా దిగేవాళ్లు పాలు పొంగించారు." ఆయన వెనక్కి తిరిగాడు. "అమ్మా, తాయారమ్మగారూ. గట్టు శుభ్రంగా తుడిచారు. ఈ మూడూ ఎందుకు వదిలేశారు?"

మంగతాయారు భర్త వైపు చూసింది. తరవాత నేల వైపు.

"అన్నీ తుడిచెయ్యమన్నారండీ. ముగ్గు తుడిచాను. పాల మరక కడిగాను. బొట్టు మీద గుడ్డ వేయడానికి చెయ్యి రాలేదు. పుణ్యస్త్రీని, నా చేత్తో నేను బొట్టెలా చెరుపుతానండీ?"

"నువ్వు పైకి వెళ్లు" అన్నాడు శ్రీరామమూర్తి.

"ఉండమ్మా" అన్నాడు వెంకట్రాజు.

ఆమె ఉండిపోయింది.

శ్రీరామమూర్తి గొంతు మార్చాడు. "సరేనండీ. ఇచ్చాను. మీరు వద్దన్నాకనే ఇచ్చాను. వద్దన్న ఇల్లు ఎవరికిచ్చుకుంటే మీకేంటి?"

ఆ మాట కోసమే వెంకట్రాజు రెండు రోజులు ఆగాడు.

"నేను వద్దన్నది జూన్ ఇరవై నాలుగు. ఆషాఢం వచ్చింది పందొమ్మిదిన. అమ్మా, ఆషాఢంలో మీ ఇంట పాలు పొంగించనిచ్చారా?"

"రామ రామ. శూన్యమాసంలోనా? మేమా?"

అనేశాక ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"రంగు ముగిసింది పదకొండు సాయంత్రం. ఆషాఢం పందొమ్మిది. మధ్యలో ఏడు రోజులు. పాలు పొంగింది ఆ ఏడు రోజుల్లోనే. ఆషాఢానికి ముందే పాలు పొంగించి పెట్టుకుంటే సామాను ఎప్పుడైనా దింపుకోవచ్చని వాళ్ల లెక్క." వెంకట్రాజు గొంతు పెంచలేదు. "ఆ ఏడు రోజులూ మా ఆవిడ బతికే ఉంది."

ఆయన శ్రీరామమూర్తి వైపు తిరిగాడు.

"పదిహేనో తారీఖు మీకు ఫోన్ చేశాను. వచ్చేస్తామన్నాను. మీరేమన్నారు? రంగు వాసన పోలేదు, పేషెంటుకి మంచిది కాదు, వారం ఆగండి అన్నారు. నేను థాంక్సండీ అన్నాను. మీ మంచితనం మా ఆవిడకి కూడా చెప్పాను. ఆ మర్నాడు బస్సులోనే తీసుకొచ్చాను. సీటు దొరకలేదు. పాలెప్పుడు పొంగించారమ్మా?"

"పద్నాలుగు, బుధవారం" అంది మంగతాయారు. "తాడేపల్లిగూడెం నుంచి బదిలీ మీద వస్తున్న ఆఫీసరుగారు. పదివేల ఐదొందలు అద్దె. అరవై వేలు అడ్వాన్సు."

"నీకు మతి పోయిందా?" శ్రీరామమూర్తి అరిచాడు. తరవాత వెంకట్రాజు మీదికి తిరిగాడు. "అవునండీ, ఇచ్చాను. రోగిష్టి మనిషి. చూడగానే తెలిసిపోయింది. ఇంట్లో ఏదైనా జరిగితే నక్షత్రం బాగోలేదని ఆరు నెలలు ఇల్లు మూసుకోవాలి. ఎవరు భరిస్తారు? నా కొంప నేను చూసుకోవద్దా?"

రఫీ తల వంచుకున్నాడు. మంగతాయారు గోడకి ఆనుకుంది.

వెంకట్రాజు ఆయన్ని కొట్టలేదు. సర్వీసులో ఇంతకన్నా తక్కువ మాటకి కొట్టాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఎస్సైగారూ, విన్నారా?"

"మొదటి నుంచీ వింటున్నాను రాజుగారూ" అంది ఫోన్. "ఒక ఇల్లు, రెండు అడ్వాన్సులు, పైగా దొంగ బిల్లు. సివిల్ కాదు. నాలుగొందల ఇరవై. కంప్లయింట్ రాసివ్వండి, ఎఫ్ఐఆర్ కడతాను."

శ్రీరామమూర్తి మెట్లెక్కాడు. 10.50కి దిగాడు. ఐదొందల నోట్లు ఎనభై. వెంకట్రాజు గట్టు మీద పెట్టి లెక్కపెట్టాడు. రెండోసారి కూడా లెక్కపెట్టాడు.

"ఇతనికి ఆరు."

"ఇతని సంగతి నేను—"

"ఇప్పుడే."

అవీ వచ్చాయి.

గుమ్మం దగ్గర మంగతాయారు ఆపింది. "అన్నయ్యగారూ, నన్ను క్షమించానని ఒక్క మాట అనండి."

"మీరు బొట్టు చెరపలేదు. కానీ పద్నాలుగు నుంచి ఈ రోజు దాకా నోరు కూడా విప్పలేదు" అన్నాడు. క్షమించానని అనలేదు. చెప్పులు వేసుకుని వీధిలోకి దిగాడు. అక్కడి నుంచి నడిచి స్టేషన్‌కి వెళ్లి కంప్లయింట్ కూడా ఇచ్చాడు.

జూలై నాలుగు, మంగళవారం. ఉదయం 9.35. భీమడోలులో గాజులు చేతికొచ్చాయి. రెండు. ఒకదానికి చిన్న సొట్ట. ఆ సొట్ట ఎప్పుడు పడిందో వెంకట్రాజుకి తెలుసు. రుమాల్లో మూటకట్టి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ప్లాట్‌ఫాం మీద రైలు కోసం చూస్తుండగా ఉదయ్‌కిరణ్ ఫోన్ చేశాడు.

"రాజుగారూ, మా కుర్రాళ్లకి ఈ కేసు చెప్పాలనుకుంటున్నానండీ. అంత ఇంట్లో ఆ మూలే మీకెలా కనబడింది?"

మే ఇరవై తొమ్మిదిన అదే గోడకి ఒక చెయ్యి ఆనింది. వెంకట్రాజు ఆ ఇంట్లోకి రెండోసారి వెళ్లింది ఆ చోటు చూడటానికే. రుజువు కోసం కాదు.

ఆ మాట చెప్పలేదు.

"ఎస్సైగారూ, కేసు మీది. కాగితం మీ దగ్గరుంది. ఈ సంగతి మాత్రం నా దగ్గర మళ్లీ ఎత్తకండి. ఎవరడిగినా నేను చెప్పను. ఇదే ఆఖరు."

ఫోన్ కట్టేశాడు.