చివరి రీలు చూడని కూతురు

“అమ్మా! తలుపు తియ్యమ్మా... నేనే, నీ చిన్నీని!”

సామాన్ల గది తలుపును ఆమె రెండు చేతులతో బాదుతోంది. తలుపు కింది సందులో సన్నటి పసుపు వెలుగు అటూ ఇటూ కదులుతోంది. కొవ్వొత్తి వెలుగు! పాత పేపర్లు, సినిమా బట్టల ట్రంకు పెట్టెలు, చిరిగిన పరుపు... ఆ గదినిండా అంటుకునే సామానే. ఆ మధ్యలో మతి తప్పిన తల్లి... తల్లి పక్కన తన ఆరేళ్ల కూతురు!

మందుల షాపులో పని ముగించుకుని ఆమె ఇందాకే ఇంటికి వచ్చింది. కర్టెన్లన్నీ మూసి ఉన్నాయి. అద్దం ముందు పౌడరు డబ్బా మూత తీసి ఉంది. పడకగదిలోని పెట్టె తెరిచి ఉంది, అందులో ఉండాల్సిన బంగారు రంగు విగ్గు లేదు!

ఒకప్పుడు ఆ విగ్గుతోనే తల్లికి ‘జర్మన్ దొరసాని’ అని పేరొచ్చింది. ఆ రోజుల్లో యుద్ధం సినిమా అంటే ఒక జర్మన్ ఆడమనిషి ఉండాల్సిందే. ఒకావిడ గూఢచారి అయితే ఇంకొకావిడ నర్సు, మరొకావిడ హోటల్లో పాటలు పాడే మనిషి. కనుబొమలు గీకేసి పెన్సిలుతో సన్నగా గీసుకునేవాళ్లు. లైట్ల వేడికి విగ్గు జిగురు కరిగి నుదుటి మీదికి కారుతున్నా మంచులో వణికినట్టు నటించేవాళ్లు. జర్మనీ ఎటువైపు ఉందో కూడా తెలియని ఆ తల్లులను చూసి జనం నిజంగా కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు!

కొన్ని నెలలుగా తల్లి ఆ రోజుల్లోకే వెళ్లిపోతోంది. “షాట్ రెడీయా?” అని వంటింట్లోకి వచ్చి అడుగుతుంది. నిన్న పాలవాడిని చూసి తలుపు చాటున నక్కింది. అందుకే పొద్దున భర్త మెల్లగా అన్నాడు, “వృద్ధాశ్రమంలో చేర్పిద్దామా? నాకు పాప గురించి భయంగా ఉంది...” ఆమె ఏడ్చింది, దండం పెట్టింది. “మా అమ్మ ఎవరికీ హాని చెయ్యదండీ!” అంది. చెప్పి రోజైనా గడవలేదు... ఇప్పుడిది!

ఆమె మళ్లీ తలుపు కొట్టింది. లోపల గుసగుస వినిపించింది.

“ష్... సైనికులొచ్చారు. నోరెత్తకు తల్లీ!”

“అమ్మమ్మా... ఉక్కగా ఉంది...” పాప గొంతు.

ఆ వెంటనే ఏదో బరువైన పెట్టెను తలుపుకు అడ్డంగా ఈడ్చిన చప్పుడు. కొవ్వొత్తి వెలుగు ఒక్కసారి ఊగిపోయింది! ఆమె చేతులు గాలిలోనే ఆగిపోయాయి. అయ్యో... తను కొట్టిన ప్రతి దెబ్బా లోపలున్న మనిషికి సైనికుల దెబ్బే కదా! భయపెడుతున్నది తనే కదా!

అప్పుడే భర్త వచ్చాడు. కళ్లజోళ్ల షాపు మూసి, కూరగాయల సంచీతో వచ్చిన మనిషి సంచీ అక్కడే వదిలేసి తలుపుకు భుజం ఆనించాడు.

“వద్దండీ! చేతిలో కొవ్వొత్తి ఉంది... ఒంటి మీద ఆ సినిమా లేసుల గౌను వేసుకునే ఉంటుంది... తోస్తే మంట పాప మీద పడుతుంది!”

పొద్దుటి మాట అతని నోట మళ్లీ వస్తుందేమోనని ఆమె ముఖం తిప్పుకుంది. ‘నేను చెప్పలేదూ?’ అనలేదు అతను. ఆ ఒక్క మాట అననందుకు ఆమె అతనికి జన్మంతా రుణపడిపోయింది!

“ఇది మీ అమ్మ యుద్ధం సినిమాలో సీనే,” అన్నాడు గొంతు తగ్గించి. “పాపను దాచుకుని కొట్టుగదిలో కూర్చుంటుంది చూడు... అదే!” చిన్నప్పుడు ఆ దొరసానుల బొమ్మలు కత్తిరించి జామెట్రీ బాక్సు మూతకు అంటించుకున్న మనిషి అతను. పెళ్లయిన కొత్తలో అందరికీ చెప్పుకునేవాడు, “మా అత్తగారు జర్మన్ దొరసాని, నేను ఆవిడ ఇంటి సిపాయిని!” అని.

“సీను ఎలా ముగుస్తుందండీ? త్వరగా చెప్పండి!”

“నీకు తెలీదా?”

“తెలీదు... నేనెప్పుడూ చివరిదాకా చూడలేదు. నాలుగేళ్లప్పుడు హాల్లో ‘మా అమ్మను చంపొద్దూ’ అని నేను గుక్కపట్టి ఏడిస్తే పిన్ని బయటికి ఎత్తుకెళ్లిపోయింది. ఆ తర్వాత టీవీలో వచ్చినా కట్టేసేదాన్ని. ఎలాగూ కాల్చేస్తారుగా!”

అతను ఆమె వైపు వింతగా చూశాడు. “కాల్చేస్తారని నీకెవరు చెప్పారు? కాల్చరు! ఒక కుర్ర సైనికుడు తలుపు సందులోంచి ఆవిడ కళ్లు చూస్తాడు. బయటి నుంచి ఆఫీసరు, లోపల ఎవరున్నారని అరుస్తాడు. ఆ కుర్రాడు ఎవరూ లేరంటాడు. వాళ్లు వెళ్లిపోగానే ఆవిడ కొవ్వొత్తి ఆర్పేసి తలుపు తీస్తుంది... ఆఫీసరు నువ్వు అవ్వాలి. నేను సైనికుణ్ణి.”

“నేనా? నా వల్ల కాదండీ... అమ్మ మీద నేను అరవడమా!”

“పాప కోసం.”

అతను వరండా చివరిదాకా వెళ్లి, బూట్లు టకటకలాడిస్తూ తిరిగి వచ్చాడు. తలుపు దగ్గర ఆగి, చీలిక దగ్గర కన్ను పెట్టాడు. నాలుగేళ్ల పిల్ల ఇంకా ఆమె గొంతులోనే ఏడుస్తోంది. అయినా ఆమె కళ్లు గట్టిగా మూసుకుని అరిచింది.

“లోపల ఎవరున్నారు?”

“ఎవరూ లేరు సార్! ఖాళీ గది. పదండి పోదాం!” అంటూ అతను వెనక్కి అడుగులు వేశాడు. చప్పుడు దూరమైంది...

తలుపు కింద వెలుగు ఆరిపోయింది!

చీకటి. పెట్టె జరిగిన చప్పుడు... గడియ కిర్రుమన్న చప్పుడు... తలుపు తెరుచుకుంది. పక్కకు ఒరిగిన బంగారు రంగు విగ్గుతో, చంకలో చెమటతో తడిసిన పాపతో తల్లి గుమ్మంలో నిలబడింది. పాపను లాక్కుని గుండెలకు హత్తుకుంది ఆమె.

“అమ్మమ్మ నా నోరు మూసిందమ్మా,” అంది పాప వెక్కుతూ. “కానీ మెత్తగానే మూసింది. పేపరుతో గాలి విసిరింది కూడా...”

తల్లి కూతురి ముఖంలోకి చాలాసేపు చూసింది. మబ్బు విడిపోయినట్టు ఆ కళ్లు తేటపడ్డాయి.

“చిన్నీ... ఇవాళ చివరిదాకా ఉన్నావా?”

“ఉన్నానమ్మా...”

“ఆ రోజు నువ్వు మధ్యలోనే వెళ్లిపోయావు. ఇంటికొచ్చాక నా దగ్గరికే రాలేదు. ఈ జుట్టు చూస్తే వణికిపోయేదానివి. అందుకే పెట్టెలో పెట్టేశాను... నిర్మాతలు ఎంతమంది వచ్చినా మళ్లీ తియ్యలేదు.”

వేషాలు రాక తల్లి ఇంట్లో కూర్చుందనే అనుకుంది తను ఇన్నేళ్లూ! తనకు భయమని... ఒక్క తన భయం కోసం! ఆమె తల్లి పాదాల దగ్గర కూలబడిపోయింది. తల్లి తల మీంచి జారిపడ్డ విగ్గు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఇన్నేళ్లలో దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. వట్టి పీచులా ఉంది. దీనికా తను వణికింది!

భర్త స్క్రూడ్రైవరు తెచ్చి తలుపుకున్న గడియ ఊడదీస్తున్నాడు. “అగ్గిపెట్టెలన్నీ షాపులో పెట్టేస్తాను. పగలు ఎవరో ఒకరం ఇంట్లో ఉందాం,” అన్నాడు తలెత్తకుండా. “ఆశ్రమంలో ఈ సీను ఎవరికి తెలుసు? చివరి డైలాగు ఎవరు చెబుతారు? ఈ సిపాయికి డ్యూటీ ఇక్కడే!”

ఆమె ఏడుస్తూనే నవ్వింది. కానీ తల్లి కళ్ల మీద అప్పుడే మళ్లీ ఆ మసక కమ్ముకుంటోంది. వీధిలో ఎవరివో చెప్పుల చప్పుడు వినిపించగానే ఆ ముసలి చెయ్యి కూతురి చెంగును గట్టిగా పట్టుకుంది.

“అమ్మాయ్... ఎవరు నువ్వు? వాళ్లు మళ్లీ వస్తారా?”

ఆమె తల్లి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“వస్తారమ్మా. వచ్చినప్పుడల్లా, ఎవరూ లేరని చెప్పి పంపించేస్తాం.”