అత్తయ్య చెరిపిన మచ్చ

"మన ముఠాలో గూఢచారి ఉన్నాడు," అంది వెల్వెట్, కారు వెనక సీట్లో పిస్టల్‌కి సైలెన్సర్ బిగిస్తూ. "డిపార్ట్‌మెంట్ ఫైల్లో వాడి పేరు లేదు. ఫొటో స్టూడియో ఆవిడ మేనల్లుడని మాత్రం ఉంది. ఆ ఇంట్లో వాడి ఫొటో ఉండకపోదు."

"దొరికితే, మేడమ్?" అన్నాడు డ్రైవర్.

"వాడూ మిగలడు, చూపించిన ముసల్దీ మిగలదు."

డ్రైవర్ కారుని స్టూడియో వీధిలోకి తిప్పాడు. డిపార్ట్‌మెంట్ పంపిన ఆ గూఢచారి అతనే. ఆ స్టూడియో అతని మేనత్తది.

వెల్వెట్ డబుల్ ఏజెంట్. జీతం గూఢచార డిపార్ట్‌మెంట్‌లో, కొలువు విదేశీ ముఠాలో. రేవు రక్షణ ప్లాన్లన్నీ ఆ పొద్దున్నే లిప్‌స్టిక్‌లో దాచిన బుల్లి కెమెరాతో ఫొటోలు తీసింది. ఆ ఫిల్ముతో సాయంత్రం విమానం ఎక్కుతుంది. ఎక్కకుండా ఆపడం అతని డ్యూటీ. ఆపాలంటే ముందు బతికుండాలి.

గడ్డం పెంచాడు, గొంతు మార్చాడు. నుదుటి మీద గాటునేం చేస్తాడు? చిన్నప్పుడు ఆ స్టూడియోలోనే కెమెరా స్టాండెక్కి పడ్డప్పటిది. అది ఫొటోలో కనబడితే అంతే సంగతులు.

ఇద్దరూ స్టూడియోలో అడుగుపెట్టారు. గాజు బీరువా నిండా, చనిపోయిన మావయ్య పాత కెమెరాలు. అత్తయ్య వాటిని తుడుస్తోంది. డ్రైవర్ ఆమెను ఏళ్ల తర్వాత చూస్తున్నాడు. 'ఒరేయ్ బుజ్జిగా' అని పిలిచిందంటే ఇద్దరికీ నూకలు చెల్లినట్టే. ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

"పాత కెమెరాలు కొంటామండీ. ఫొటోలు కూడా," అంది వెల్వెట్ తియ్యగా. చెయ్యి మాత్రం హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది.

అత్తయ్య డ్రైవర్ వైపు ఒక్కసారి చూసింది. "కూర్చోండమ్మా. డ్రైవర్ బాబూ, నువ్వా బల్ల మీద కూర్చో. కెమెరాలు ముట్టుకోకు."

గుర్తుపట్టిందో లేదో అతనికి అంతుపట్టలేదు.

వెల్వెట్ ఆల్బమ్ తిప్పుతూ ఆగింది. "ఈ కుర్రాడెవరు?"

"మేనల్లుడమ్మా. కాలేజీ రోజుల్లో మా ఆయన తీశారు. ఇప్పుడెక్కడ అఘోరిస్తున్నాడో! ఉత్తరం ముక్కయినా రాయడు."

వెల్వెట్ ఫొటో పట్టుకుని డ్రైవర్ దగ్గరికొచ్చింది. "టోపీ తియ్యి."

తీశాడు.

"గాటు చిన్నప్పటిదన్నావు కదూ?"

"అవును మేడమ్." ఉద్యోగంలో చేరిన రోజు ఆ నిజం ఎందుకు వాగానా అనిపించింది.

"అయితే నువ్వు కాదు," అని నవ్వి ఫొటో చూపించింది. అందులో నుదురు గాటు లేకుండా అద్దంలా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. మావయ్య ఫొటో తీస్తే, అత్తయ్య సన్న పెన్సిల్‌తో నెగటివ్ దిద్దేది. ముక్కూ మొహం తెలియని కస్టమర్లకే మొటిమ మిగిల్చేది కాదు. సొంత మేనల్లుడికి గాటు మిగులుస్తుందా?

ఊపిరి పీల్చుకునేలోపే వెల్వెట్ అంది: "దీని నెగటివ్ కావాలి."

నెగటివ్‌ని వెలుగులో కాస్త వంచితే చాలు, పెన్సిల్ గీతలు మెరుస్తాయి.

"డార్క్‌రూమ్‌లో పై అరలో ఉందమ్మా. నడుం పట్టేసి నాకందదు. లైటు స్విచ్ బయటే, వేస్తానుండు," అని అత్తయ్య లైటు వేసింది.

"ముసల్దాన్ని కనిపెట్టుకుని ఉండు," అని డ్రైవర్ చెవిలో చెప్పి వెల్వెట్ లోపలికెళ్లింది.

అత్తయ్య తలుపు లాగి గడియ పెట్టింది. లైటు ఆర్పింది. లోపల్నుంచి తూటా తగిలి తలుపుకి కొట్టిన రేకు ఉబ్బింది. అత్తయ్య గోడకి చేరగిలబడింది.

డ్రైవర్ వాచీలోని బటన్ నొక్కాడు. డిపార్ట్‌మెంట్ జీపులు ఇక బయల్దేరతాయి.

"అత్తా! ఎప్పుడు గుర్తుపట్టావ్?"

"నీ మొహాన్ని గంటలకొద్దీ దిద్దినదాన్నిరా, గడ్డం పెంచితే తెలీదా? దాని సంచీలో తుపాకీ కనబడింది. భయంతో సగం చచ్చాను, వెధవా!"

అతను ఆమెను గట్టిగా పట్టుకున్నాడు.

లోపల్నుంచి వెల్వెట్ కేక వేసింది. "లైటు! లైటెయ్యండి!"

అత్తయ్య మొహం తుడుచుకుంది. కస్టమర్లతో మాట్లాడే గొంతుతో జవాబిచ్చింది.

"ఫిల్ము పాడైపోతుందమ్మా, కాస్త ఓపిక పట్టు!"