సగం ధరల మెనూ కార్డు

ఏమండోయ్, మిమ్మల్నే. హోటల్లో కూర్చోగానే మెనూ కార్డు కుడివైపు నుంచి చదివే బాపతు కదూ మీరు? ముందు ధర, అది నచ్చితే వంటకం. మొహం అలా పెట్టకండి. ఈ విద్యలో మీకో గురువుగారున్నారు. ఆయన ముందు మీరింకా పలకా బలపం దగ్గరే ఉన్నారు.

ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. భార్యనీ కూతుర్నీ హోటలుకు తీసుకెళ్ళే ముందు తలా రెండు రొట్టెలు తినిపించి మరీ బయల్దేరదీస్తాడు. అక్కడ ఒక్క సూపు, మూడు గిన్నెలు. మంచినీళ్ళ సీసా ఇంటినుంచే సంచిలో వస్తుంది. భార్య కార్డు తెరవనైనా తెరవదు. ఆయన మొహం ఒకసారి చూసి, "నాకు ఆకలిగా లేదండీ, మీ దాంట్లోంచి ఓ ముక్క పెట్టండి చాలు" అంటుంది. పాతికేళ్ళుగా అదే ముక్క.

మొన్న శుక్రవారం సాయంత్రం మాత్రం ఆవిడ ఒక చేప మొత్తం తనకే తెప్పించుకుంది. ఆపైన ఐస్‌క్రీం. ఎందుకంటే ఆ కొత్త హోటల్లో ధరలన్నీ సగమే.

సగం ఎందుకయ్యాయో కూతురికి తెలుసు. మందుల షాపులో చేరి మొదటి జీతం అందుకున్న ఆ పిల్ల, హోటలు మేనేజరును బతిమాలి, సగం ధరలతో మూడు కార్డులు అచ్చు వేయించి, మిగతా సగం కోసం డబ్బు ముందే కట్టి ఉంచింది. అమ్మ ఒక్కసారైనా మనసారా తినాలి. అంతే దాని కోరిక.

మర్నాడు ఉదయం తండ్రి గడ్డం గీసుకుంటూ, "అమ్మడూ, వచ్చే ఆదివారం మా ప్రెస్సు వాళ్ళని ఆ హోటలుకే పిలుస్తున్నా. పదహారు మంది" అన్నాడు.

పిల్ల చేతిలో కాఫీ ఒలికింది. "పదహారు మందా? ఇప్పుడెందుకు నాన్నా?"

"నన్ను పిసినారి అంటున్నారుగా. ఒక్క దెబ్బతో నోళ్ళు మూయిద్దామని."

ఆ రోజంతా పిల్ల కాలుగాలిన పిల్లిలా తిరిగింది. షాపులో దగ్గు మందు అడిగినాయనకు తలనూనె సీసా చేతిలో పెట్టింది. మేనేజరుకు ఫోన్ చేస్తే, "ఒక్కసారికే అన్నావు కదమ్మా. పదహారు మందంటే నా ఉద్యోగం ఊడుతుంది" అని పెట్టేశాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తండ్రి కాగితం ముందేసుకుని ఏదో రాసుకుంటున్నాడు.

"ఆ హోటలు వద్దు నాన్నా. శుభ్రం ఉండదక్కడ."

"నిన్న వేళ్ళు నాక్కున్నావుగా."

"వేరే చోట చూద్దాం."

"అంత చవగ్గా ఇంకెవడు పెడతాడే?"

"చవక కాదు నాన్నా." ఇక ఆగలేకపోయింది. "ఆ కార్డు నేను అచ్చు వేయించింది. మిగతా డబ్బు నేనే కట్టా. తిడితే తిట్టు. అమ్మ నీ మొహం చూసి ఆకలి చంపుకోవడం నేనిక చూడలేను."

ఆయన పెన్సిలు కింద పెట్టి బొటనవేలు చూపించాడు. గోరు అంచున నల్లటి మరక. "నీ కార్డు అంటించిన పచ్చి సిరా. ఇంకా వదల్లేదు. పైగా పేర్లకో రకం అక్షరాలు, అంకెలకో రకం. అచ్చుతప్పులు పట్టి బతికేవాడి చేతికే ఇచ్చావటే ఆ కార్డు?"

"తెలుసా నీకు? మరి అప్పుడే అడగలేదేం?"

"అడుగుదామనే నోరు తెరిచా. ఇంతలో మీ అమ్మ నా వంక చూడకుండా, కార్డు మీద వేలు పెట్టి, నాకీ చేప కావాలంది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సింది కళ్ళజోడు కాదు. "ఆవిడకి చేపంటే అంతిష్టమని నాకు నిన్నే తెలిసిందే."

"మరి పదహారు మంది?"

ఆయన కాగితం ఇటు తిప్పాడు. మనుషుల పేర్లు లేవు. చేప, పుట్టగొడుగుల వేపుడు, రెండు రకాల ఐస్‌క్రీం. "వచ్చే ఆదివారం ఏమేం తింటావని మీ అమ్మనడిగి రాశా. మనం ముగ్గురమే. నీచేత నిజం కక్కించాలని ఊరికే ప్రెస్సు వాళ్ళ పేరు లాక్కొచ్చా."

కాగితం కుడివైపున ఒక్క అంకె లేదు. పిల్ల ఏడుస్తూనే నవ్వింది. కాసేపటికి అనుమానం వచ్చింది.

"అన్నీ తెలిసి కూడా నిన్న సగం బిల్లే కట్టావేం నాన్నా?"

"పిచ్చిదానా, అంత తగ్గింపు మళ్ళీ దొరుకుతుందటే?"