ఒక్క అంగుళం చాలు

"ఈ కారు వెనకసీట్లో ఎవరు కూర్చుంటారు?"

కారుని కిందికి దింపే స్ప్రింగుల గురించి అతను అడిగితే ఆమె ఎదురు వేసిన ప్రశ్న ఇది.

అతను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాడు. ఎంతో ఆశపడి కొనుక్కున్న సెడాన్‌ని రెండంగుళాలు కిందికి దింపించి, పద్దెనిమిది అంగుళాల చక్రాలు వేయించాలని వచ్చాడు. ఆమె ఆ వర్క్‌షాప్‌లో మెకానిక్.

"మా నాన్న. అయితే ఏంటి?"

"ఆయన ఆరోగ్యం బాగుంటుందా?"

"ఈమధ్యే నడుముకి ఆపరేషన్ అయింది. మీరు మెకానిక్కా, డాక్టరా?"

"అంత దించి, పెద్ద చక్రాలకి పల్చటి టైర్లు వేస్తే ప్రతి గుంతా ఆయన వెన్నుకే తగుల్తుంది. నేను చెయ్యను. వేరే షాపు చూస్కోండి."

అతనికి ఒళ్లు మండిపోయింది. ఇంటికెళ్లి నాన్న దగ్గర ఏకరువు పెట్టాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన ఆ పెద్దాయన అంతా విని నవ్వాడు.

"నా నడుం సంగతి ముక్కూమొహం తెలియని పిల్ల అడిగింది. నువ్వడిగావురా?"

అతని ముఖం చిన్నబోయింది.

"అయినా కారు కాస్త కిందికుంటే నాకూ సరదానే. రేపు నన్నూ తీసుకెళ్లు."

మర్నాడు నాన్నే మాట కలిపాడు. "అమ్మాయ్, నడుమూ దక్కాలి, సోకూ తీరాలి. దారేమైనా ఉందా?"

ఆమె టేపు పట్టుకుని చక్రాల చుట్టూ తిరిగి, కాసేపు ఆలోచించింది. "ఒక్క అంగుళం దించుదాం. పదిహేడు అంగుళాల చక్రాలు చాలు. టైరుకి మందం మిగుల్తుంది, కుదుపు తగ్గుతుంది."

బిగించాక ముగ్గురూ గతుకుల రోడ్డెక్కారు. ఆమె వెనక్కి తిరిగి నాన్న ముఖమే చూస్తోంది. కారు నడుపుతున్న అతను ఆమెను చూస్తున్నాడు.

"రోడ్డు చూడండి, బాబూ!" అంది ఆమె.

వెనకసీట్లో నాన్న హాయిగా నవ్వాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం చక్రాల అలైన్‌మెంట్ సరిచూడాలన్న వంకతో అతను షాపుకి వెళ్లేవాడు. ఆమె ముందుగా నాన్న నడుం సంగతి అడిగి, తర్వాతే కారు ముట్టుకునేది. నాలుగో వారం స్పానర్ పక్కన పెట్టేసింది.

"కారుకేం కాలేదు. నిజం చెప్పండి, ఎందుకొస్తున్నారు?"

"మిమ్మల్ని చూడ్డానికి. మీరంటే నాకు చాలా ఇష్టం. ఇంట్లో నాన్నకి తెలుసు, మీకే చెప్పలేకపోయాను."

ఆమె గ్రీజు చేతులు గుడ్డతో నెమ్మదిగా తుడుచుకుంది.

"తప్పనిపిస్తే మొహమ్మీదే చెప్పేస్తాను. కోపం రాదా?"

"వస్తుంది. వచ్చినా వింటాను."

ఆమె కళ్లల్లో నవ్వు మెరిసింది. "ఆరింటికి నా పని అయిపోతుంది. బయట ఉండండి."