నలభై రెండు డిగ్రీల దగ్గర

“చెయ్యి తీయండి.”

ఇంక్యుబేటర్ బటన్ మీదకు వెళ్తున్న మెకానిక్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, కళ్లతోనే కాల్చేసేలా ఉంది.

“ముప్పై ఏడుకి పెడుతున్నానండి. ఎవరో నలభై రెండు పెట్టి మర్చిపోయినట్టున్నారు.”

“ఆ ఎవరో నేనే. మర్చిపోలేదు.”

“ఈ బిల్డింగ్‌లో అన్నీ ముప్పై ఏడులోనే ఉంటాయండి. నలభై రెండంటే మనిషినైతే ఆస్పత్రిలో పడేయాల్సిన జ్వరం.”

“నా బ్యాక్టీరియాకి ఆ జ్వరమే కావాలి. మీరొచ్చింది తలుపు రబ్బరు మార్చడానికి. మార్చేసి వెళ్లండి.”

అతను తల వంచుకుని రబ్బరు మార్చడం మొదలుపెట్టాడు. నోరు మాత్రం ఊరుకోలేదు.

“ఇంతకీ ఆ జ్వరంలో అవేం చేస్తాయండి?”

ఈ ప్రశ్న ఎవరడిగినా ఆమె కోపం సగం చల్లారిపోతుంది. మూడేళ్లుగా ఆమె పెంచుతున్న బ్యాక్టీరియాలో ఒక జన్యువు చెడిపోయింది. ముప్పై డిగ్రీల్లో అవి బుద్ధిగా పెరిగి, నడుము దగ్గర నొక్కుకుని రెండుగా విడిపోతాయి. నలభై రెండులో మాత్రం పొడవు పెరగడమే తప్ప విడిపోవడం చేతకాదు. దారాల్లా సాగి సాగి చచ్చిపోతాయి. ల్యాబ్‌లో ఆమెకు దారాలమ్మాయి అని పేరు పడింది అందుకే. ఆ వేడిలోనూ విడిపోగలిగే ఒక్క మొండి కణం ఆమెకు కావాలి. దానిలో ఇంకేదో జన్యువు మారి, చెడిపోయినదాని లోటు తీరుస్తూ ఉంటుంది. ఆ జన్యువేదో పట్టుకోవాలి. ఇదంతా అతనికి చెప్పుకొచ్చింది.

“కోట్లలో ఒకదాని కోసం వెతుకుతున్నారన్నమాట. దొరక్కపోతే?”

“ప్లేట్ల మీద మళ్లీ కోట్లు పరుస్తాను.”

మెకానిక్ ఆమె వంక ఒక్క క్షణం ఎక్కువే చూశాడు. తర్వాత పనిముట్లు సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆ సంస్థలో ఒక నియమం ఉంది. కంప్లైంట్ ఫారం నింపి సంతకం పెడితేగానీ మెకానిక్ ల్యాబ్‌లో అడుగు పెట్టకూడదు. ఆ తర్వాత రెండు నెలల్లో దారాలమ్మాయి తొమ్మిది ఫారాలు నింపింది. లైటు మిణుకుమంటోందని ఒకటి, కుర్చీ కిర్రుమంటోందని ఒకటి. కిర్రుమనని కుర్చీ గురించి కూడా ఒకటి.

“ఈ మధ్య మీ ల్యాబ్‌లో పాడవని వస్తువేదైనా మిగిలిందా?” అని మేనత్త అడిగింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. మేనత్త కళ్లకి ఏదీ దాగదు.

“పాత సామాన్లత్తా,” అని ఆమె మొహం తిప్పుకుంది.

ఒక సోమవారం పొద్దున ఇంక్యుబేటర్ తలుపు తీస్తే కింది అరలోని ప్లేట్ల మీద ఇరవై మూడు తెల్లటి చుక్కలు కనిపించాయి. ఇరవై మూడు మొండిఘటాలు. ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. శుక్రవారం కమిటీ ముందు ఫలితం చూపించాలి. చూపించలేకపోతే మూడేళ్ల పని ఫ్రీజర్‌లోకి, ఆమె ఇంకొకరి ప్రాజెక్టులోకి వెళ్లిపోవాలి. అలాంటి వేళ ఒకటి కాదు, ఇరవై మూడు దొరికాయి.

మంగళవారం వాన దంచికొడుతుంటే మెకానిక్ వచ్చాడు. గొడుగు ఉండి కూడా సగం తడిశాడు.

“నేను ఫారం ఇవ్వలేదే?” అంది ఆమె, నవ్వు దాచుకుంటూ.

“ఇవ్వలేదండి. నేనే వచ్చాను.” అతను నవ్వలేదు. జేబులోంచి ఒక కాగితం తీశాడు. “శనివారం తనిఖీకని మూడు అరల్లోనూ థర్మామీటర్లు పెట్టి, నిన్న సాయంత్రం తీసుకెళ్లాను కదా. బయట నలభై రెండు చూపిస్తోంది. పై అరలో నలభై రెండే. కింది అరలో నలభై. లోపలి ఫ్యాన్ సరిగ్గా తిరగడం లేదు.”

ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. నలభైలో ఆ బ్యాక్టీరియా కుంటుకుంటూ విడిపోగలదు. అంటే ఆ ఇరవై మూడూ మొండివి కాకపోవచ్చు.

“ఇన్నిసార్లు వచ్చారు. కుర్చీ చూశారు, లైటు చూశారు. ఫ్యాన్ చూడలేదా?”

“రబ్బరు మార్చిన రోజే అరలన్నీ కొలవాల్సిందండి. మీరు కసిరేసరికి త్వరగా తప్పించుకుపోయాను. తప్పు నాదే.”

“చెప్పకుండా ఫ్యాన్ మార్చేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.”

“నాకు తెలుస్తుంది కదండీ. శుక్రవారం మీరు నలుగురి ముందు నిలబడి చెప్తుంటే నేనెక్కడ తల పెట్టుకోను?”

ఆమె స్టూలు మీద కూలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అతని మీద కోపం, తన మీద కోపం, ఫ్యాన్ మీద అన్నిటికంటే ఎక్కువ కోపం. కాసేపటికి కోటు చేతితో కళ్లు తుడుచుకుని లేచింది.

“ఎంతసేపట్లో మారుస్తారు?”

“గంటలో.”

“మార్చండి. ఇరవై మూడింటినీ ఒక్కో ప్లేటులో ఒక్కోటి మళ్లీ పెడతాను.”

గైడ్ మేడం సంగతి విని, కమిటీని వారం గడువు అడగనా అంది. “వద్దు మేడం. శుక్రవారానికి ఏది నిలిస్తే అదే చూపిస్తాను,” అంది దారాలమ్మాయి.

బుధవారం అంతా మెకానిక్ వచ్చి ప్రతి అరా కొలిచి వెళ్తూనే ఉన్నాడు. పనిమాట తప్ప ఆమె ఇంకో మాట మాట్లాడలేదు. సాయంత్రం ఇంట్లో మేనత్త ఊరుకోలేదు.

“నిజం చెప్పినవాడి మీద అలకేంటే?”

“అలక కాదత్తా, భయం. ఒక్కటీ మిగలకపోతే?”

“మిగలకపోతే మళ్లీ కోట్లు పరుస్తావు. ఎప్పుడూ నువ్వనే మాటేగా. ఆ డిగ్రీల అబ్బాయిని ఓసారి ఇంటికి రమ్మను. మన ఫ్రిజ్ ఎలా ఉందో చూస్తాడు.”

“ఫ్రిజ్ బాగానే ఉందిగా?”

“నువ్వు ఫారం రాసిన ఆ కుర్చీ మాత్రం బాగాలేదా ఏంటి?”

గురువారం పొద్దున ఇద్దరూ కలిసే తలుపు తీశారు. మూడు అరల్లోనూ నలభై రెండు. ఇరవై రెండు ప్లేట్లు బోసిగా ఉన్నాయి. ఇరవై మూడో ప్లేటు నిండా చుక్కలు.

ఆమె కొంచెం తీసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. చాలాసేపు చూసి పక్కకు జరిగింది.

“చూడండి.”

అతను కన్ను ఆనించాడు. “దారాలేవండీ? అన్నీ పొట్టిగా ఉన్నాయి. ఇదిగో, ఇది నడుము నొక్కుకుంటోంది.”

“అదే నాక్కావలసింది. మీరు చెప్పకపోతే ఆ ఇరవై రెండింటి వెనకా ఏళ్ల తరబడి తిరిగేదాన్ని.”

శుక్రవారం ఆమె కమిటీకి ఫ్యాన్ సంగతి కూడా దాచకుండా చెప్పింది. ఒక్కటే మిగిలిందని చెప్పింది. రెండేళ్ల పొడిగింపు ఇచ్చారు. అక్కడి నుంచి తిన్నగా వర్క్‌షాపుకి వెళ్లి అతని బల్ల మీద ఫారం పెట్టింది.

“యంత్రం, ఫ్రిజ్. స్థలం, మా అత్త ఇల్లు.” అతను చదవడం ఆపాడు. “బయటి యంత్రాలు చూడకూడదండి.”

“కిందికంటా చదవండి.”

అతను చదివాడు. ‘లోపం ఏమీ లేదు. మెకానిక్ అంటే నాకు ఇష్టం. ఆదివారం రావాలి.’

అతని చెవులు ఎర్రబడ్డాయి. రెండుసార్లు చదివాడు. పెన్ను తీసి సంతకం చేశాడు.

“పని పూర్తయిన తేదీ గడి ఖాళీగా వదిలేశారేం?” అంది ఆమె.

“అది నింపితే ఫారం మూసేయాలండి.” అతను కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. “దీన్ని నేను మూయను.”