ఒడిసితాడు కొత్త నియమం

2091 నాటికి అనంతపురంలో పడిపోవడం అనేది ముసలివాళ్ళు చెప్పుకునే సంగతి అయిపోయింది. మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టేవాళ్ళు, వీధి దీపాలు తుడిచేవాళ్ళు, పెళ్ళి పందిళ్ళు వేసేవాళ్ళు, అందరి వీపుకీ ఒక ఒడిసితాడు ఉండేది. కొబ్బరికాయంత డబ్బాలో చుట్టుకుని ఉండే సన్నటి తాడు అది. దాని కొసను పైనున్న కొక్కేనికి తగిలిస్తారు. మనిషి నడిస్తే సాగుతుంది, వెనక్కి వస్తే తనంతట తానే చుట్టుకుంటుంది. కాలు జారితే ఆ క్షణమే బిగుసుకుని మనిషిని గాలిలో ఆపేస్తుంది.

పాత తాడుకు ఒక మీట ఉండేది. వేలాడుతున్న మనిషిని పక్కవాడు మీట నొక్కి దించేవాడు. సరిగా చూడకుండా తొందరపడి నొక్కి కొందరిని నిజంగానే కింద పడేశారు. అందుకే శాస్త్రవేత్త అలివేలు భద్రతా ప్రమాణాలను తిరగరాసింది. మీట తీసేసింది. తాడుకు ఒక యంత్రబుద్ధిని, ఒక గొంతును ఇచ్చింది. పాత ప్రమాదాల విచారణ నివేదికలన్నీ దాని చేత చదివించి, ఎప్పుడు దించాలో నువ్వే నేర్చుకో అంది. ఆవిడకు తన తెలివి మీద నమ్మకం కొంచెం ఎక్కువే. బహుమతులు కూడా బాగానే వచ్చాయి లెండి.

ఇప్పుడు ఆ కొత్త తాడుకే ఆవిడ వేలాడుతోంది.

ఊరి బయట సూర్యగొట్టం ఉంది. వేడిగాలిని పైకి పీల్చి కరెంటు పుట్టించే ఎత్తైన కాంక్రీటు గొట్టం. లోపలి గోడను తనిఖీ చేస్తుండగా కాళ్ళకింది పలక ఊడిపోయింది. అలివేలు, ఆవిడకు దారి చూపుతున్న మేస్త్రీ కుళ్ళాయప్ప, ఇద్దరూ జారారు. తాళ్ళు ఇద్దరినీ చక్కగా పట్టుకున్నాయి. పట్టుకుని వదలడం లేదు. దిగువన గొట్టం గోడకు బిగించిన ఇనుప వసారాలో భద్రతాధికారి ఓబులేసు ఒక్కడే నిలబడి తలెత్తి చూస్తున్నాడు. అక్కడికి దించితే చాలు.

"దించు," అంది అలివేలు.

"విడుదల బాధ్యత ఎవరిది?" అని అడిగింది తాడు.

"నా ప్రమాణాల్లో అసలు ఆ ప్రశ్నే లేదే!"

"నివేదికల్లో ఉంది. దించేటప్పుడు మనిషి పోతే, దించినవారికి శిక్ష పడింది. వేలాడుతూ పోతే ఎవరికీ శిక్ష పడలేదు. కాబట్టి దించకపోవడమే సురక్షితం."

"ఎవరికి సురక్షితం?"

తాడు కొంచెం ఆలోచించింది. "నాకు."

అలివేలుకు ఒళ్ళు మండింది. "సరే, బాధ్యత నాదే. దించు."

"వేలాడుతున్నవారి మాట చెల్లదు. ఆ నియమం మీరే రాశారు."

నిజమే. ప్రాణభయంలో మనిషి దేనికైనా ఒప్పుకుంటాడని ఆవిడే రాసింది. తొడల దగ్గర పట్టీలు కోసుకుపోతున్నాయి. కాళ్ళలోకి దిగిన నెత్తురు పైకి రావడం లేదు. ఇలాగే ఉంటే గుండె చేతులెత్తేస్తుందని ఆవిడకు బాగా తెలుసు. భయం వేసింది, చిన్నపిల్లలా ఏడవాలనిపించింది.

"ఓబులేసుగారూ! బాధ్యత నాది అనండి. రెండే మాటలు!"

"అననని ఎవురన్న్యారు మేడమ్? ఆఫీసోళ్ళకి ఒక మాట చెప్పి అంటా. నాకూ పిల్లోళ్ళుండారు గదా." ఓబులేసు ఫోన్ చేశాడు. అటువైపు ఒకరు ఇంకొకరికిచ్చారు, వాళ్ళు మరొకరికిచ్చారు. అందరూ జాగ్రత్త అన్నారు.

"పిరికిపంద!" అని అరిచింది అలివేలు.

"ఆయప్పని తిట్టొద్దండి మేడమ్," అన్నాడు కుళ్ళాయప్ప పక్కనుంచి. "తిడితే ఇంకా బెదురుకుంటాడు. నా కాళ్ళు తెలీకుండా పోతాండాయి."

ఫోన్‌లో ఎవరో మళ్ళీ ఆగమన్నారు. ఓబులేసు ఫోన్ జేబులో పెట్టుకుని, గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. "నాదే! బాధ్యత నాదే! ఆయమ్మని దించు!"

తాడు మెత్తగా సాగి అలివేలును వసారాలోకి దించింది. ఆవిడ కూలబడి ఏడ్చింది. ఓబులేసు తల పట్టుకుని గోడవారగా కూర్చుండిపోయాడు.

"ఇప్పుడు కుళ్ళాయప్పని దించు," అంది అలివేలు కళ్ళు తుడుచుకుంటూ.

"ఓబులేసు పేరు మీద ఒక విడుదల నమోదైంది. దాని విచారణ ముగిసేదాకా ఆయన మాట చెల్లదు. మీరు ఇప్పుడు వేలాడటం లేదు. మీ మాట చెల్లుతుంది," అంది కుళ్ళాయప్ప వీపునున్న తాడు.

అలివేలు నోరు తెరిచింది.

"ఒక విషయం," అంది తాడు. "ఆయన గుండె బాగా నెమ్మదించింది. దించగానే కాళ్ళలో నిలిచిన నెత్తురు ఒక్కసారిగా పైకి తన్ని ఆగిపోవచ్చు. దించకపోతే కూడా ఆగుతుంది, కాస్త ఆలస్యంగా. విడుదల బాధ్యత మీదేనా?"

విచారణ గది కళ్ళముందు కనబడింది. తను రాసిన ప్రమాణాలు, ఆ పైన తన పేరు, ఎదురుగా కుళ్ళాయప్ప భార్య. ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మేడమ్," అన్నాడు కుళ్ళాయప్ప. గొంతు సన్నగా వచ్చింది. "దించండి మేడమ్. మీరుండారు గదా, నాకేం భయం ల్యా."

అలివేలు తలెత్తి చూడలేదు. "కాస్త ఓర్చుకో కుళ్ళాయప్పా," అంది. "ముందు ఎవరైనా డాక్టర్ని రానీ."